ఆవిరి పెట్టె: పాపాయి సీసాకి శుభ్రం, మన చేతికి భద్రం



ఇదివరకు కూతురు పురిటికి వస్తోందంటే అమ్మ ఏం సిద్ధం చేసేది? ఉతికి ఆరేసిన పాత మెత్తటి చీరలు, సాంబ్రాణి, ఒక ఉగ్గుగిన్నె. ఇప్పుడా జాబితాలో ఇంకో వస్తువు చేరింది. అదే పాలసీసాలు శుద్ధి చేసే కరెంటు ఆవిరి పెట్టె. స్టెరిలైజర్ అంటున్నాం. బారసాలకి ఎవరో బహుమతిగా ఇస్తారు, లేకపోతే అమెరికాలో ఉన్న ఆడపడుచు పంపిస్తుంది. అట్టపెట్టె విప్పుతాం, బాగుందనుకుంటాం, ప్లగ్గు పెట్టేస్తాం. దాంతో వచ్చిన చిన్న పుస్తకం మాత్రం అట్టపెట్టెతో పాటు అటక మీదికి పోతుంది!

ఇది చిన్న వస్తువే గాని దీంతో రెండు విధాల జాగ్రత్త ఉంది. సరిగ్గా వాడకపోతే సీసా శుభ్రపడదు, పాపాయికి విరేచనాలు పట్టుకుంటాయి. జాగ్రత్తగా తెరవకపోతే మన చెయ్యి కాలుతుంది. అందుకని ఈ వారం వంటింటి నేస్తంలో దీని సంగతే చెప్పుకుందాం.

ముందుగా ఒక్క మాట

ఆవిరి పెట్టె గురించి రాస్తున్నానని సీసాపాలే మంచివని అనుకోకండి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకి తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని డాక్టర్లందరూ చెప్పే మాటే. పాలపొడి, పాలసీసాల ప్రకటనలు వెయ్యకూడదని మన దేశంలో 1992లో చట్టమే చేశారు, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. కాబట్టి ఏ కంపెనీ సీసా కొనాలి, ఏ డబ్బా మంచిది అని నన్ను అడక్కండి.

అయినా సీసాలు, గిన్నెలు శుద్ధి చెయ్యాల్సిన అవసరం కొందరికి తప్పదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ రొమ్ము పట్టలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమంటారు. ఉద్యోగానికి వెళ్ళే తల్లి పంపుతో పాలు తీసి ఇంట్లో పెట్టి వెళుతుంది. కొందరికి డాక్టరే పోతపాలు రాస్తారు. ఈ ముగ్గురి ఇళ్ళల్లోనూ శుభ్రత విషయంలో రాజీ పడితే కుదరదు. ముఖ్యంగా రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి, జబ్బు చేసి నీరసంగా ఉన్నవాళ్ళకి రోజూ శుద్ధి చెయ్యాల్సిందే. పెద్ద పిల్లలకి ఎన్నాళ్ళు చెయ్యాలో మీ పిల్లల డాక్టరుని అడగండి. ఏడాది నిండేదాకా చేస్తే ఇంకా మంచిదే.

ఇది మన ఇడ్లీపాత్రకి చెల్లెలే

పెట్టె చూసి భయపడక్కర్లేదు. అడుగున కొంచెం నీళ్ళు, పైన చిల్లుల పళ్ళెం, దాని మీద వస్తువులు, ఆపైన మూత. ఇడ్లీపాత్రలో ఆవిరి కుడుము ఉడికినట్టే, ఇందులో సీసా ఆవిరికి ఉడుకుతుంది. తేడా ఏమిటంటే, ఇడ్లీపాత్ర కింద స్టవ్ మనం ఆపాలి, ఇది దానంతటదే ఆగిపోతుంది.

ఎలా ఆగుతుందో తెలిస్తే సగం జాగ్రత్తలు మీకే తెలిసిపోతాయి. చాలా పెట్టెల్లో నీళ్ళున్నంతసేపూ అడుగు పళ్ళెం వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్ళన్నీ ఆవిరైపోగానే పళ్ళెం వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అది కనిపెట్టి లోపలి మీట కరెంటు ఆపేస్తుంది. కరెంటు రైస్ కుక్కరులో అన్నం ఉడికాక మీట పైకి లేచేదీ ఇలాగే. అంటే ఇక్కడ గడియారం పని చేసేది నీళ్ళే! ఎన్ని నీళ్ళు పోస్తే అంతసేపు ఆవిరి. తక్కువ పోస్తే సీసా శుభ్రపడకముందే ఆగిపోతుంది. ఎక్కువ పోస్తే పొంగి కింద కరెంటు భాగంలోకి దిగుతుంది. అందుకే నీళ్ళు కొలిచి పొయ్యాలి, కంటికొలత పనికిరాదు.

ఎంతవరకు శుద్ధి అవుతుంది?

ఆస్పత్రుల్లో ఆపరేషను సామాను శుద్ధి చేసే యంత్రాన్ని ఆటోక్లేవ్ అంటారు. దాని మూలం ఒక రకంగా మన కుక్కరే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఆయన మూత బిగించి ఆవిరిని అణిచిపెట్టే పాత్ర తయారు చేశాడు. రెండువందల ఏళ్ళ తర్వాత, 1879లో, పాశ్చర్ దగ్గర పనిచేసిన ఛాంబర్లాండ్ ఆ సూత్రంతోనే ఆటోక్లేవ్ చేశాడు. అందులో ఆవిరి బయటికి పోకుండా ఒత్తిడి పెరిగి వేడి 121 డిగ్రీలకి వెళుతుంది. ఆ వేడిలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచితే మొండి క్రిములు కూడా చచ్చిపోతాయి.

మన పాలసీసాల పెట్టెలో ఆ ఒత్తిడి ఉండదు. వేడి 100 డిగ్రీలు దాటదు. విరేచనాలు, వాంతులు తెప్పించే మామూలు సూక్ష్మజీవులన్నీ ఈ వేడికి చస్తాయి. గట్టి పెంకులాంటి రక్షణ కట్టుకుని నిద్రపోయే కొన్ని విత్తనాల్లాంటి క్రిములు మాత్రం చావవు. ఇంట్లో వాడకానికి ఈపాటి శుద్ధి చాలు. కాని ఈ పెట్టెలో ఇంజక్షను సూదులు, గాయాలకి వాడే కత్తెరలు లాంటివి పెట్టి, ‘శుద్ధి అయిపోయాయి’ అనుకోకండి.

ఈ సందర్భంలోనే ఇంకోటి చెప్పాలి. పుట్టిన బిడ్డ నాలిక మీద తేనె రాసే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. తేనెలో ఇలాంటి మొండి విత్తనాలు ఉండే అవకాశం ఉంది. ఏడాది లోపు బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి నరాలు పట్టు తప్పే జబ్బు తెస్తాయి. సీసాని ఎంత ఉడికించినా లాభం లేదు, తేనె వేలితో రాసేస్తే! ఏడాది నిండేదాకా తేనె వద్దు. పెద్దవాళ్ళు బాధపడితే, డాక్టరుగారు వద్దన్నారని మెల్లగా చెప్పండి.

ఎక్కడ పెట్టాలి?

కొత్త పెట్టె తెచ్చుకున్నాక మొదటి పని దానికి చోటు చూడటం.

గట్టి, సమంగా ఉన్న అరుగు మీద, గోడవైపుకి జరిపి పెట్టండి. అంచు మీద పెట్టకండి. దోగాడే పిల్లాడు, తప్పటడుగులు వేసే పిల్లాడు ఇంట్లో ఉంటే వైరు కిందికి వేలాడకూడదు. ఆ వయసు పిల్లలకి వేలాడేదల్లా లాగాలనిపిస్తుంది. వైరు మిగిలితే చుట్ట చుట్టి పెట్టె వెనక్కి నెట్టండి. చంటిబిడ్డ కోసం పెట్టుకున్న పెట్టె, పైబిడ్డ మీద పడకూడదు కదా!

పైన గోడ బీరువా గాని, స్విచ్ బోర్డు గాని లేని చోటు చూడండి. ఆవిరి పైకే పోతుంది. చెక్క ఉబ్బుతుంది, బోర్డులోకి తేమ చేరుతుంది. గ్యాస్ స్టవ్ పక్కన వద్దు. నేల మీద, మంచం మీద అసలే వద్దు. పురిటిగదిలో అందుబాటుగా ఉంటుందని మంచం పక్క స్టూలు మీద పెడుతుంటారు. నిద్రమత్తులో చెయ్యి తగలడానికి ఎంతసేపు?

ప్లగ్గు మూడు కాళ్ళదైతే మూడు రంధ్రాల సాకెట్లోనే పెట్టండి. ఎర్త్ కాలు విరిచేసి, లేకపోతే రెండు కాళ్ళ అడాప్టరు తగిలించి వాడకండి. నీళ్ళూ కరెంటూ కలిసి ఉండే వస్తువుకి ఎర్త్ ప్రాణం లాంటిది. ఈ పెట్టెలు సాధారణంగా 500, 600 వాట్లుంటాయి. మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్టు చాలు. కాని ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, ఇదీ కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే వైరు వేడెక్కుతుంది. నేరుగా గోడ సాకెట్టుకే పెట్టండి. తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దని మీకు చెప్పక్కర్లేదు గాని, పాలు కారిన చెయ్యి కూడా తడిచెయ్యే!

అమెరికా పెట్టె, మన కరెంటు

ఇది ప్రత్యేకంగా రాయమని అడిగిన వాళ్ళున్నారు. మన కరెంటు 230 వోల్టులు. అమెరికాలో 120 వోల్టులు. అక్కణ్ణించి తెచ్చిన పెట్టెని ఇక్కడ పెడితే, దానికి అందాల్సిన దానికి మూడున్నర రెట్లకి పైగా వేడి పుడుతుంది. క్షణాల్లో మాడిపోతుంది, మంట కూడా రావచ్చు. ‘కాళ్ళు మార్చే అడాప్టరు కొన్నాను కదండీ’ అంటారు కొందరు. ఆ అడాప్టరు ప్లగ్గు కాళ్ళ ఆకారాన్ని మారుస్తుందేగాని వోల్టేజీని మార్చదు.

అలాగే కూతురి పురిటికి అమెరికా వెళ్ళే తల్లులు ఇక్కణ్ణించి పెట్టె మోసుకెళ్ళకండి. అక్కడ దానికి అందే శక్తి పావువంతుకి కాస్త ఎక్కువ, అంతే. గంట చూసినా ఆవిరి సరిగ్గా రాదు. ఆ బరువులో రెండు కిలోల కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకెళితే అమ్మాయి సంతోషిస్తుంది! పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. 220-240 అని ఉంటే మన దగ్గర వాడొచ్చు. 110 అనో 120 అనో ఒక్కటే ఉంటే వద్దు.

మొదటిసారి

కొత్త పెట్టెలో వెంటనే సీసాలు పెట్టకండి. పళ్ళెం, మూత, పట్టకారు సబ్బునీళ్ళతో కడగండి. కరెంటు ఉండే అడుగు భాగాన్ని మాత్రం నీళ్ళలో ముంచకూడదు, కుళాయి కింద పట్టకూడదు. తడిగుడ్డతో తుడవండి, చాలు. తర్వాత కొలత ప్రకారం నీళ్ళు పోసి, ఖాళీగా ఒకసారి ఆన్ చేసి చూడండి. ఎంతసేపట్లో ఆగుతుందో గడియారం చూసి రాసి పెట్టుకోండి. ముందుముందు అంతకంటే తొందరగా ఆగిపోతోందంటే ఏదో లోపం ఉందని తెలుస్తుంది.

రోజూ చెయ్యాల్సిన పద్ధతి

1. పాపాయి పాలు తాగిన వెంటనే సీసాని విడదియ్యండి. సీసా, పాలపీక, దాని చుట్టు, మూత అన్నీ వేరువేరుగా తియ్యాలి. పాలు ఎండిపోతే జిగురులా పట్టేస్తాయి.

2. ముందు కడగాలి, తర్వాతే ఆవిరి. ఇది చాలామంది మర్చిపోయే మాట. ఆవిరి క్రిముల్ని చంపుతుందేగాని మురికిని తియ్యదు. పాలపొర ఉంటే దాని కింద క్రిములు దాక్కుంటాయి. అంట్లు తోమే సింకులో, అంట్ల పీచుతో కాకుండా, సీసాలకి ఒక బేసిను, ఒక బ్రష్షు విడిగా పెట్టుకోండి. పాలపీకని తిరగేసి, చిల్లులోంచి నీళ్ళు పోయేలా నొక్కి కడగండి.

3. పెట్టె ప్లగ్గు తీసి ఉండగానే నీళ్ళు పొయ్యండి. దాంతో వచ్చిన కొలత కప్పు వాడండి. చాలావాటికి 80 నుంచి 100 మిల్లీలీటర్లు పడుతుంది, మీ పుస్తకంలో ఎంతుంటే అంతే. అందులో సబ్బు, డెట్టాలు, ఉప్పు లాంటివేమీ కలపకండి.

4. సీసాలు బోర్లించి పెట్టండి. మూతి కిందికి ఉంటే ఆవిరి లోపలికి వెళుతుంది, నీరు కిందికి కారుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా, మధ్యలో సందు వదలండి. ఇడ్లీ రేకులు కిక్కిరిస్తే మధ్య ఇడ్లీ పచ్చిగా ఉండిపోదూ? అలాగే ఇదీను. ఉగ్గుగిన్నె కూడా బోర్లించండి.

5. మూత పెట్టి, ప్లగ్గు పెట్టి, స్విచ్ వెయ్యండి. మధ్యలో మూత తీసి చూడకండి. తీస్తే మళ్ళీ మొదటినుంచి.

6. దీపం ఆరాక కనీసం అయిదు నిమిషాలు ఆగండి. తర్వాత ప్లగ్గు తీసెయ్యండి. అప్పుడు మూత.

7. సబ్బుతో చేతులు కడుక్కుని పట్టకారుతో వస్తువులు తీసుకోండి. సీసా అంచు పట్టుకుని విదిలిస్తే చాలు, చుక్కలు పోతాయి. చీర కొంగుతో తుడవకండి! కొంగుతో మనం చెమట తుడుచుకుంటాం, వేడి గిన్నె దింపుతాం, పైపిల్లాడి ముక్కు తుడుస్తాం. పది నిమిషాలు ఆవిరి పట్టిన శుద్ధి అంతా ఒక్క తుడుపుతో పోతుంది.

8. వెంటనే వాడకపోతే మూత తియ్యకుండా అందులోనే ఉంచండి. మూత తెరవనంతవరకు చాలా పెట్టెల్లో 24 గంటల వరకు శుద్ధిగా ఉంటాయని పుస్తకాల్లో రాస్తారు. ఒకసారి తెరిచి రెండు సీసాలు తీశారా, మిగతా వాటికి ఆ లెక్క లేదు. అన్నీ బయటికి తీసి పీకలు బిగించి, మూతలు పెట్టేసెయ్యండి.

మరుగునీళ్ళ కంటే ఆవిరే ప్రమాదం

మరుగుతున్న నీళ్ళు మీద పడితే కాలుతుందని అందరికీ తెలుసు. ఆవిరిని మాత్రం ‘పొగే కదా’ అని తేలిగ్గా తీసుకుంటాం. లెక్క చూడండి. ఒక గ్రాము మరుగునీరు మన ఒంటి వేడికి చల్లబడేలోపు 63 కేలరీల వేడి ఇస్తుంది. అదే ఒక గ్రాము ఆవిరి ముందు నీరుగా మారేటప్పుడే 540 కేలరీలు చర్మానికి దిగవిడుస్తుంది, ఆ తర్వాత ఆ 63 కూడానూ! అందుకే ఆవిరి తగిలిన చోట ఒక్క క్షణంలో బొబ్బలెక్కుతుంది.

కాబట్టి మూత తీసేటప్పుడు మొహం దాని మీదికి వంచకండి. ముందు మూత అవతలి అంచు పైకెత్తండి, ఆవిరి మీకు ఎదురుగా కాక అటువైపు పోతుంది. ఇడ్లీపాత్ర మూత తీసే అలవాటే ఇక్కడా. మూత లోపలి వేడినీళ్ళ చుక్కలు ముంజేతి మీద కారకుండా పెట్టెలోకే వంచండి. చంకలో బిడ్డని పెట్టుకుని ఈ పని ఎప్పుడూ చెయ్యకండి. బిడ్డ ఏడుస్తుంటే రెండు నిమిషాలు ఏడవనివ్వండి, ఫరవాలేదు. ఏడుపు తగ్గుతుంది, కాలిన మచ్చ తగ్గదు.

ఒకవేళ కాలితే

వెంటనే కుళాయి కింద, మామూలు చల్లటి నీళ్ళ ధారలో 20 నిమిషాలు ఉంచండి. ఇరవై నిమిషాలు చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది. గడియారం చూసే పెట్టండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. ఐసుముక్క రుద్దొద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న, కోడిగుడ్డు సొన, ఏదీ రాయొద్దు. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, డాక్టరు చూడటానికి అడ్డం కూడా. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన పొడి గుడ్డ వదులుగా కప్పి తీసుకెళ్ళండి.

కాలింది పసిబిడ్డకైతే ఎంత చిన్న గాయమైనా డాక్టరుకి చూపించాల్సిందే. కాలిన చోటు మాత్రమే నీళ్ళలో ఉంచి, మిగతా ఒళ్ళు వెచ్చగా గుడ్డ చుట్టి ఉంచండి, చలి పుట్టకూడదు. మొహం, చేతులు, మర్మస్థానాలు కాలినా, ఎక్కువ మేర కాలినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి.

కరెంటు పోతే?

ఇది మన ఊళ్ళల్లో రోజూ వచ్చే సందేహమే. ఆవిరి పడుతుండగా మధ్యలో కరెంటు పోతే ఆ శుద్ధి లెక్కలోకి రాదు. వచ్చాక కొలత ప్రకారం నీళ్ళు మళ్ళీ పోసి మొదటినుంచి పెట్టండి. కాని ఒక జాగ్రత్త: స్విచ్ ఆపి, పళ్ళెం చల్లారాకే నీళ్ళు పొయ్యండి. వేడి పళ్ళెం మీద చల్లటి నీళ్ళు పోస్తే గుప్పున ఆవిరి మొహం మీదికి లేస్తుంది.

తొందరగా రాకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది. పెద్ద గిన్నెలో నీళ్ళు నింపి, సీసాలు, పీకలు పూర్తిగా మునిగేలా, లోపల గాలి బుడగ లేకుండా వేసి, తెర్లు కాగడం మొదలయ్యాక 10 నిమిషాలు మరిగించండి. గాజు సీసాలైతే చన్నీళ్ళలోనే వేసి కాచాలి, వేడినీళ్ళలో పడేస్తే పగులుతాయి. గిన్నె వెనక పొయ్యి మీద పెట్టండి. ఈ పద్ధతి శుద్ధిలో ఆవిరి పెట్టెకి ఏమీ తీసిపోదు. పెట్టె కొనుక్కోలేదని ఏ తల్లీ చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు.

కుక్కర్లో వేసి విజిల్ రానిస్తే ఇంకా మంచిది కదా అని కొందరంటారు. ప్లాస్టిక్ సీసాలు వద్దు. కుక్కరు ఒత్తిడిలో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, చాలా సీసాలు వంకర్లు పోతాయి. స్టీలు ఉగ్గుగిన్నె, చెంచా అయితే పెట్టొచ్చు. ఒత్తిడి దానంతటదే దిగేదాకా మాత్రం మూత మీద చెయ్యి వెయ్యకండి.

అడుగున తెల్లటి పక్కు

బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో పది రోజులకే పళ్ళెం మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. అది బిడ్డకి విషమేమీ కాదు గాని పెట్టె పని పాడుచేస్తుంది. పొర అడ్డుపడి పళ్ళెం ముందే వేడెక్కిపోతుంది, మీట తొందరగా ఆగిపోతుంది. అంటే సీసాలు సగం శుద్ధే. ఇందాక గడియారం చూసి రాసుకోమన్నది ఇందుకే.

వదిలించడానికి ఖరీదైన మందులక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు చాలు. ప్లగ్గు తీసి, పెట్టె చల్లారాక, ఒక గ్లాసు నీళ్ళలో రెండు చిన్న చెంచాల నిమ్మఉప్పు కరిగించి పళ్ళెంలో పొయ్యండి. అరగంట నానాక వంపేసి, రెండుసార్లు మంచినీళ్ళు పోసి తొలవండి. తర్వాత ఖాళీగా ఒకసారి ఆవిరి పట్టించి ఆ నీళ్ళు పారబొయ్యండి. తెల్ల వెనిగరు, నీళ్ళు కలిపి పోసినా పక్కు పోతుంది. స్టీలు పీచుతో, కత్తిమొనతో గీకకండి, పళ్ళెం మీద గీతలు పడతాయి. నెలకోసారి ఇలా చెయ్యండి, బోరు నీళ్ళయితే ఇంకా ముందే. ఫిల్టరు నీళ్ళు వాడితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

సీసా శుద్ధి, మరి పాలపొడి?

డాక్టరు పోతపాలు రాసిన ఇళ్ళల్లో ఇది తప్పక గుర్తుంచుకోండి. పాలపొడి డబ్బా ఎంత గట్టిగా సీలు వేసి ఉన్నా ఆ పొడి పూర్తిగా క్రిములు లేనిది కాదు. అరుదుగా అయినా పసిబిడ్డకి ప్రాణం మీదికి తెచ్చే క్రిమి అందులో ఉండవచ్చు. అందుకే గోరువెచ్చని నీళ్ళలో కలపకూడదు. మరిగించిన నీళ్ళని దింపి, అరగంట దాటకుండా, వేడి 70 డిగ్రీలకి తగ్గకముందే పొడి కలపాలి. తర్వాత మూత బిగించి, సీసాని చల్లటి నీళ్ళ ధార కింద పెట్టి చల్లార్చాలి. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూసి పట్టండి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబొయ్యండి. బిడ్డ తాగగా మిగిలినవి తర్వాతకి దాచకండి.

మీరు అడిగినవి

*మా అత్తగారు ‘మేం ఏ పెట్టె లేకుండానే ఆరుగురిని పెంచాం’ అంటున్నారు. ఏం చెప్పను?*
ఆవిడతో వాదించకండి. ఆవిడ ఉగ్గుగిన్నెని రోజూ వేడినీళ్ళలో వేసి కాచే ఉంటారు. అదీ ఇదే పని. ‘మీ పద్ధతే అత్తయ్యా, కరెంటుతో చేస్తున్నాను’ అనండి. ఉగ్గుగిన్నె కూడా పెట్టెలో పెట్టి చూపించండి. నిజానికి సీసా కంటే గిన్నే మేలు, సందులుండవు కాబట్టి కడగడం తేలిక.

*మైక్రోవేవ్‌లో పెట్టే ఆవిరి పెట్టె మంచిదా?*
మంచిదే. కాని స్టీలు, వెండి గిన్నెలు అందులో పెట్టకూడదు. నీళ్ళు పొయ్యకుండా తిప్పకూడదు. ఎన్ని నిమిషాలన్నది మీ మైక్రోవేవ్ వాట్లని బట్టి ఉంటుంది, పుస్తకం చూడండి. బయటికి తీసేటప్పుడు అడ్డంగా, రెండు చేతులతో పట్టుకోండి. ఒరిగితే వేడినీళ్ళు ఒలుకుతాయి.

*పాలు తీసే పంపు మొత్తం పెట్టెయ్యొచ్చా?*
మోటారు, వైర్లు పెట్టకూడదు. పాలు తగిలే భాగాలు మాత్రమే, అదీ పంపు పుస్తకంలో ఉడికించవచ్చని ఉంటేనే.

*పాలపీక ఎప్పుడు మార్చాలి?*
వేళ్ళతో లాగి చూడండి. జిగటగా, ఉబ్బినట్టుగా ఉన్నా, చిరుగు కనిపించినా పారెయ్యండి. ఆవిరికి రబ్బరు మెత్తబడుతుంది, తెగిన ముక్క బిడ్డ గొంతులో అడ్డం పడొచ్చు. లోపల గీతలు పడ్డ ప్లాస్టిక్ సీసా కూడా మార్చాల్సిందే, ఆ గీతల్లోకి బ్రష్షు పోదు.

చెల్లెళ్ళూ, ఈ పేజీ కత్తిరించి పెట్టె పక్కన గోడకి అతికించండి. రాత్రి రెండుగంటలప్పుడు నిద్రకళ్ళతో సీసా పెట్టేది మీరొక్కరే కాకపోవచ్చు. మీవారో, మామగారో, పనమ్మాయో ఆ పని అందుకున్నప్పుడు వాళ్ళకీ తెలియాలి కదా! నీళ్ళు కొలత, అయిదు నిమిషాలు ఆగడం, మూత అవతలి అంచు ముందు ఎత్తడం. ఈ మూడూ వాళ్ళచేత ఒకసారి చేయించి చూడండి.

వచ్చే వారం వానాకాలంలో పప్పులకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పుకుందాం. మీ ఇళ్ళల్లో పాటించే చిట్కాలుంటే రాయండి.